ఆరోగ్య దత్తాంశాల అనుసంధానం: హోసూరు, కృష్ణగిరి ప్రాంతం

వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు రాసిపెట్టిన ఆరోగ్య వివరాలను ఒకచోట చేర్చి వైద్య పరిశోధనకు పనికొచ్చేలా చేయడమే ఆరోగ్య దత్తాంశాల అనుసంధానం. ఆసుపత్రి ఓపీ రిజిస్టరు, జనన మరణాల నమోదు, క్యాన్సర్ రిజిస్ట్రీ, ఇంటింటి సర్వే, బోరు నీటి పరీక్షల పట్టిక, గాలిలో ధూళి కొలతలు... ఇవి దేనికది చెప్పగలిగింది కొంతే. షుగరు ఎంతమందికి ఉందో సర్వే చెబుతుంది గానీ వాళ్లలో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పదు. మరణాల రిజిస్టరు ఎవరు పోయారో చెబుతుంది గానీ వాళ్లకు పదేళ్ల క్రితం రక్తపోటు ఎంత ఉందో దానికి తెలియదు. రెంటినీ కలిపితేనే ‘ఈ జబ్బు వల్ల ఆయుష్షు ఎంత తగ్గుతోంది’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

కలపడానికి మూడు దారులున్నాయి. ఒకే మనిషికి చెందిన రికార్డులను వెతికి జతచేయడం మొదటిది. ఒకే చోటుకు చెందిన వివరాలను, అంటే ఊరి నీటి పరీక్షలనూ ఊరివాళ్ల పంటి పరీక్షలనూ, పక్కపక్కన పెట్టడం రెండోది. ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాల ఫలితాలను పోగుచేయడం మూడోది. పాఠ్యపుస్తకాల్లో ఇవి శుభ్రంగా సాగిపోతాయి. నేల మీద ఎలా సాగుతాయో చూడాలంటే సరిహద్దు జిల్లాకు పోవాలి. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కలిసే మూలన ఉన్న కృష్ణగిరి జిల్లా, అందులోని హోసూరు అందుకు సరైన ఉదాహరణ.

ప్రాంతం, రికార్డులు

కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపడి ఏర్పడింది. 2011 జనగణనలో జనాభా దాదాపు 18.8 లక్షలు. హోసూరు, శూలగిరి, వేపనపల్లి, డెంకణికోట ప్రాంతాల్లో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎక్కువ. తళి వైపు కన్నడం బలంగా వినిపిస్తుంది. బడి, ఆఫీసు, ఆసుపత్రి చీటీ తమిళంలో ఉంటాయి. హోసూరుకు బెంగళూరు 40 కిలోమీటర్లు, చెన్నై 300 కిలోమీటర్లకు పైనే. కాబట్టి జబ్బు ముదిరితే జనం బస్సెక్కేది బెంగళూరుకే: క్యాన్సరైతే కిద్వాయి, గుండైతే జయదేవ, నరాల జబ్బైతే నిమ్హాన్స్. కృష్ణగిరి, బర్గూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దారి ఉంది. వేపనపల్లి వైపు వాళ్లకు కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల దగ్గర. జిల్లాకంటూ ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది 2022 జనవరి 12న. ఆ రోజు తమిళనాడులో ఒకేసారి ప్రారంభమైన పదకొండింటిలో అది ఒకటి.

ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఊహించుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. అవ్వకు బీపీ మాత్రలు ఇంటికే వస్తాయి. ఆమె కొలతలు రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గరుంటాయి. కొడుకు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పనిచేస్తాడు. అతని వైద్యం కార్మిక బీమా (ఈఎస్ఐ) నంబరు కింద నడుస్తుంది. కోడలి గర్భం తమిళనాడు వారి ‘పిక్మీ’ వ్యవస్థలో నమోదవుతుంది. తొలి కాన్పుకు ఆమె పుట్టింటికి, మాలూరుకో కుప్పానికో, వెళ్తుంది కాబట్టి బిడ్డ పుట్టుక మరో రాష్ట్రం లెక్కలోకి పోతుంది. తాతకు బెంగళూరులో ఆపరేషనైతే ఆ కాగితాలు అక్కడి ఆసుపత్రి కంప్యూటర్లో ఉంటాయి. ఒకే కప్పు కింద ఐదుగురు, ఐదు వ్యవస్థలు, వాటిలో ఏ రెంటికీ ఉమ్మడి నంబరు లేదు.

జిల్లాకు ఈ రంగంలో ఒక ప్రత్యేకత కూడా ఉంది. బీపీ, షుగరు రోగులకు ఇంటి దగ్గరే మందులు, ఫిజియోథెరపీ, మంచాన పడ్డవారికి సంరక్షణ అందించే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తలు ఇళ్లకు తిరిగి కొలతలు తీస్తారు. 2024లో ఈ పథకానికి ఐక్యరాజ్య సమితి సంస్థల టాస్క్‌ఫోర్స్ పురస్కారం వచ్చింది. ఒకే మనిషి రక్తపోటును ఏళ్ల తరబడి పదేపదే కొలిచిన వివరాలు పరిశోధకుడికి బంగారం. అయితే తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉన్నవారే ఇలాంటి లెక్కలోకి తేలిగ్గా ఎక్కుతారు. ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నవాళ్లు, తెల్లారకముందే బెంగళూరు కూలికి పోయినవాళ్లు ఎక్కరు. వాళ్లను మరో దత్తాంశం నుంచి, ఉదాహరణకు ఈఎస్ఐ నుంచి, తెచ్చి కలపకపోతే జిల్లాలో షుగరంతా ముసలివాళ్లదీ ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లదీ అనిపిస్తుంది.

చోటును బట్టి కలపడం

దేశంలో ఈ పద్ధతికి తొలి ఉదాహరణల్లో ఒకటి తెలుగు నేల మీదిదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ప్రకటించారు. వెన్నెముక బిగుసుకుపోయిన మనుషుల వివరాలు వైద్యుడి పుస్తకంలో ఉంటాయి. బావి నీటిలోని ఫ్లోరైడ్ లెక్క ప్రయోగశాల పుస్తకంలో ఉంటుంది. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కకు వచ్చాకే అది వంశపారంపర్య శాపమో వాతమో కాదని, నీటి జబ్బని తేలింది. ఆ తర్వాత నల్గొండ పేరు దీనితో ముడిపడింది.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల రాతి నేల కింది నీటిలో కూడా చాలాచోట్ల ఫ్లోరైడ్ హద్దు మీరి ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిదని, వేరే నీరు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. దీనికి విరుగుడుగా కావేరి నీటిని తెచ్చే హొగెనకల్ పథకం జపాన్ రుణంతో నిర్మితమై 2013 మే 29న ప్రారంభమైంది. పరిశోధకుడి కంటికి ఇదొక సహజ ప్రయోగం: నీరు మారకముందు పుట్టిన పిల్లలు, మారాక పుట్టిన పిల్లలు. పళ్ల మీద మచ్చలు ఇప్పుడు తాగే నీటి వల్ల రావు. పళ్లు చిగురు లోపల తయారవుతున్న పసితనంలో తాగిన నీటి వల్ల వస్తాయి. కాబట్టి పన్నెండేళ్ల పిల్లవాడి పళ్లను ఈనాటి కొళాయి నీటి పరీక్షతో జోడిస్తే లెక్క తప్పుతుంది. ఆ ఊరికి కావేరి నీరు నిజంగా ఏ నెలలో వచ్చింది, అప్పుడు బిడ్డ వయసెంత, ఏడాదిలో ఎన్ని నెలలు అమ్మమ్మ ఊళ్లో పెరిగాడు అన్నవి కావాలి. మాలూరు, కోలారు వైపు అమ్మమ్మ ఊరైతే మరీ జాగ్రత్త, అక్కడి బోర్లలోనూ ఫ్లోరైడ్ ఉంది. నీటి సరఫరా శాఖ దగ్గరున్న తేదీలు, బడి ఆరోగ్య పరీక్షలు, పుట్టుక రికార్డు మూడూ కలిస్తేనే ఈ ప్రశ్న నిలబడుతుంది.

జిల్లా సగటులను మాత్రమే జోడించి మనుషుల గురించి తీర్పు చెప్పడం ఈ పద్ధతిలో పాత రోగం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ 1950లోనే దీన్ని గణితంతో ఎండగట్టాడు. హోసూరు ఫ్యాక్టరీ కాలనీ, అంచెట్టి అడవి పక్క ఊరు ఒకే జిల్లా సగటులో కలిసిపోతాయి. ఆ సగటు మనిషి జిల్లాలో ఎక్కడా నివసించడు.

చోటు, మనిషి రెండూ కలిసిన మంచి నమూనా హైదరాబాద్ పక్కనుంది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ నాటి రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లకు ఆ ఆహార పథకం ఇంకా రాలేదు. ప్రయోగం ముగిసింది, కాగితాలు మిగిలాయి. 2003–05లో సంజయ్ కిన్రా బృందం అదే ఊళ్లకు తిరిగి వెళ్లి ఆనాటి పిల్లలను వెతికింది. 1,165 మంది కౌమారుల కొలతలను పాత రికార్డులతో జతచేస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు, ఇన్సులిన్ నిరోధం తక్కువగా ఉంది. తర్వాత తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకుని అది ‘ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనం’ అయింది. పరిశోధకుల నోట ‘ఆప్‌క్యాప్స్’. దాని మీద మరో పొరగా బార్సిలోనా పరిశోధకులు గాలి కాలుష్య కొలతలను పరిచారు. 2020లో వెలువడిన ఒక వ్యాసంలో 3,717 మంది ఎముకల ఖనిజ కొలతలను వాళ్ల ఊరి గాలిలోని సూక్ష్మ ధూళితో పోల్చి చూస్తే, ధూళి ఎక్కువున్నచోట ఎముకలు బలహీనంగా కనిపించాయి. 1987లో తిండి గురించి మొదలైన పుస్తకం ముప్పై ఏళ్ల తర్వాత గాలి గురించి మాట్లాడింది. పాత రిజిస్టర్లను చెదలకు వదలకుండా దాచిన గుమాస్తాలకు ఇందులో వాటా ఉంది. ఆ మాట శాస్త్ర వ్యాసాల్లో రాయరు.

మనిషిని బట్టి కలపడం

ఒకరి జీవితంలో చెల్లాచెదురైన రికార్డులను ఒక పుస్తకంగా కుట్టాలన్న ఆలోచనకు ‘రికార్డ్ లింకేజ్’ అని పేరు పెట్టింది హాల్బర్ట్ డన్, 1946లో. కెనడాలో హోవర్డ్ న్యూకోంబ్ 1959లో దాన్ని కంప్యూటరుకు అప్పగించాడు. 1969లో ఫెలెగి, సంటర్ దానికి గణిత రూపం ఇచ్చారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి లోపల నడిచేది అదే. సారం ఇది: రెండు రికార్డుల్లో పేరు, వయసు, ఊరు ఎంతవరకు కలిశాయో చూసి ఒక్కోదానికి మార్కులు వేయాలి. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. మొత్తం ఒక హద్దు దాటితే ‘ఇద్దరూ ఒకరే’, మరో హద్దుకు కిందుంటే ‘వేర్వేరు’, మధ్యలో ఉన్నవి మనిషి కూర్చుని చూడాలి. 1968 నుంచి ప్రతి పౌరుడికీ ఒకే నంబరున్న డెన్మార్క్‌లో ఈ తిప్పలు లేవు. మునియమ్మలూ మునిరాజులూ వీధికి నలుగురుండే శూలగిరిలో పేరు కలిసిందంటే పెద్దగా ఏమీ తేలనట్టే.

అసలు చిక్కు పేరు రాతలో ఉంది. భాగ్యమ్మ అనే తెలుగావిడను తీసుకుందాం. తమిళ లిపిలో ప, బ, భలకు ఒకే అక్షరం, క, గలకు ఒకే అక్షరం. తమిళ చీటీ చూసి ఇంగ్లిషులోకి ఎక్కించే ఆపరేటరు ఆమెను ‘పాక్కియమ్మ’ చేస్తాడు. బెంగళూరు కౌంటర్లో కన్నడం రాసే చేయి ‘భాగ్యమ్మ’ అనే రాస్తుంది. మరొకచోట మర్యాదకు ‘అమ్మాళ్’ తగిలిస్తారు. పేర్లను ధ్వనిని బట్టి సంకేతాలుగా మార్చే ‘సౌండెక్స్’ పద్ధతి ఇక్కడ ఆదుకుంటుందని అనుకోవచ్చు. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన ఆ పద్ధతి ప, బ ధ్వనులను ఒకే గుంపులో పెడుతుంది గానీ మొదటి అక్షరాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. దాంతో ఒక భాగ్యమ్మ ‘బి250’ అవుతుంది, ఇంకో భాగ్యమ్మ ‘పి250’ అవుతుంది. యంత్రం దృష్టిలో ఇద్దరూ ఎన్నటికీ కలవరు.

ఇక ఇనిషియల్. తమిళనాడులో తండ్రి పేరులోని తొలి అక్షరం, పెళ్లయ్యాక చాలామందికి భర్త పేరులోనిది. ఆంధ్రలో ఇంటిపేరు ముందుంటుంది. కర్ణాటకలో ఊరి పేరు, తండ్రి పేరు రెండూ చేరవచ్చు. మునియప్ప కూతురుగా ‘ఎం’తో పుట్టిన భాగ్యమ్మ, కృష్ణప్ప భార్యగా ‘కె’ అవుతుంది. మగవాడి ఇనిషియల్ జీవితమంతా మారదు. కాబట్టి రికార్డులు జతకాని వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా మిగిలే ప్రమాదముంది. ఇది సాఫ్ట్‌వేరు తప్పు కాదు, అయినా ఫలితం ఆడవాళ్ల మీదే పడుతుంది. వయసుల్లోనూ ఇంతే. పుట్టిన తేదీ తెలియని పెద్దలు నలభై, నలభై ఐదు, యాభై అని గుండ్రంగా చెబుతారు. కార్డుల్లో జనవరి 1న పుట్టినవాళ్లు లెక్కకు మించి ఉంటారు.

సరిహద్దు ప్రాంతంలో దీని పర్యవసానం పెద్దది. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణం జరిగినచోటే నమోదు కావాలి, నివాసం ఉన్నచోట కాదు. హోసూరు మనిషి బెంగళూరు ఆసుపత్రిలో పోతే ఆ మరణం కర్ణాటక రిజిస్టరులో పడుతుంది. రోగుల జాబితాను ఒక్క తమిళనాడు మరణాల జాబితాతోనే సరిచూసే పరిశోధకుడికి అతను ఇంకా బతికే ఉన్నట్టు కనిపిస్తాడు. జబ్బు ముదిరినవాళ్లే బెంగళూరు పోతారు, చనిపోయేవాళ్లలో ఎక్కువ శాతం వాళ్లే. అంటే ఎవరి చావును లెక్కించడం ముఖ్యమో సరిగ్గా వాళ్లే లెక్క తప్పుతారు, చికిత్స ఫలితాలు ఉన్నదానికంటే బాగున్నట్టు తేలుతుంది. రికార్డులు నూటికి తొంభై కలిశాయని సంతోషపడేవారు మిగిలిన పదిమంది ఎవరో ముందు చూడాలి.

క్యాన్సర్ రిజిస్ట్రీలు ఈ చిక్కును చాలాకాలంగా ఎదుర్కొంటున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981–82లో మొదలైనప్పుడు జనాభా ఆధారిత రిజిస్ట్రీలు బొంబాయి, బెంగళూరు, మద్రాసుల్లో ఉన్నాయి. వాటి సూత్రం: వైద్యం ఎక్కడ జరిగినా, ఆ ప్రాంతంలో నివాసం ఉన్నవారినే లెక్కించాలి. కిద్వాయిలో నడిచే బెంగళూరు రిజిస్ట్రీ హోసూరు రోగిని తన లెక్కలో వేసుకోదు, అది సరైనదే. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 2012 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించిన తమిళనాడు క్యాన్సర్ రిజిస్ట్రీ ప్రాజెక్టు అతన్ని పట్టుకోవాలి, ఆ కాగితం మాత్రం బెంగళూరులో ఉంది. అందుకే రిజిస్ట్రీ ఉద్యోగం కుర్చీలో కూర్చుని చేసేది కాదు. ఆసుపత్రులు తిరిగి, కేసు షీట్లు తిప్పి, ఒకే రోగి రెండుసార్లు పడకుండా చూడాలి. ఈ పనిలో మూడు భాషలు చదవగల మనిషి ఒక్కడు ఖరీదైన సాఫ్ట్‌వేరు కంటే ఎక్కువ తేల్చగలడని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అధ్యయనాలను కలపడం

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915 నాటిది. అక్కడి వైద్యుడు యోహానెస్ ఫ్రిమొట్-మోలర్ 1950ల్లో చుట్టుపక్కల ఊళ్లలో బీసీజీ టీకాను పరీక్షించాడు. 1973లో అచ్చయిన ఆ లెక్కలో టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. చెంగల్పట్టులో జరిగిన మరింత పెద్ద ప్రయోగంలో రెండు వర్గాల్లోనూ ఎనభై ఎనిమిది వేల మందికి పైగా ఉన్నారు. టీకా వేసినవారిలో 505 మందికి, వేయనివారిలో 499 మందికి జబ్బు వచ్చింది. అంటే అక్కడ టీకా వల్ల దాదాపు ఏ లాభమూ కనిపించలేదు. బ్రిటన్‌లో, ఉత్తర అమెరికాలోని కొన్ని ప్రయోగాల్లో మాత్రం బీసీజీ బాగా కాపాడింది.

ఎవరిది నిజం? 1994లో కోల్డిట్జ్ బృందం పదమూడు ప్రయోగాలను కలిపి చూసింది. సగటున క్షయ ముప్పు సగానికి తగ్గినట్టు తేలింది. కానీ ఆ సగటు కంటే, ప్రయోగాల మధ్య తేడా ఎందుకు వచ్చిందన్నదే ఆసక్తికరం. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ టీకా బలం పెరుగుతోంది. మదనపల్లె, చెంగల్పట్టు రెండూ 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. హోసూరు కూడా దాదాపు అదే అక్షాంశంలో ఉంది. ఉష్ణ ప్రాంతాల మట్టిలో, నీటిలో ఉండే క్షయ దాయాది సూక్ష్మజీవులు టీకాకంటే ముందే ఒంటికి అలవాటై ఉంటాయన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల గణాంక విద్యార్థి ఫలితాలను పోగుచేయడం నేర్చుకున్నా, తరచూ వాడే అభ్యాస పట్టికలో మదనపల్లె వరుస ఒకటి ఉంటుంది. పోగుచేయడమంటే సగటు తీయడం మాత్రమేనని అనుకునేవారికి ఆ పట్టికే జవాబు.

ఇటీవలి ఉదాహరణ కోవిడ్‌ది. రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు సేకరించిన కాంటాక్ట్ వివరాలను ఒక్కటి చేసి 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. 84,965 మంది రోగులు, వారితో మెలిగిన 5,75,071 మంది. రోగుల్లో 71 శాతం మంది తమ కాంటాక్టుల్లో ఎవరికీ అంటించినట్టు కనబడలేదు. జబ్బు వ్యాప్తిలో ఎక్కువ భాగం కొద్దిమందిదే. ఒకే వయసు పిల్లల మధ్య వైరస్ బాగా పాకుతుందని కూడా ఇందులోనే తేలింది. రెండు రాష్ట్రాల సిబ్బంది, రెండు రకాల ఫారాలు. వాటిని ఒకే నిర్వచనాల్లోకి తేకపోతే ఆ వ్యాసం లేదు.  

హద్దులు, కొలతలు

కలపబోయే పట్టికల్లో ‘జిల్లా’ అనే మాట ఒకటే అయినా నేల ఒకటి కాకపోవచ్చు. 2001 జనగణనలో కృష్ణగిరి జిల్లా లేదు, ధర్మపురిలో భాగం. 1965కు ముందు రెండూ సేలంలో ఉండేవి. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. చుట్టుపక్కల ఊళ్లు పట్టణంలో కలిసినప్పుడల్లా ‘గ్రామీణ’ గణాంకాలు కొన్ని రాత్రికి రాత్రి ‘పట్టణ’మవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ తలనొప్పి మరీ ఎక్కువ: తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి, ఆంధ్రలో పదమూడు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత లెక్కలను కొత్త హద్దుల్లోకి తేవాలంటే మండలం, ఫిర్కా, ఊరు స్థాయికి దిగి మళ్లీ కూడుకుంటూ రావాలి. ఈ నేలకు కొలతలు కొత్త కాదు. 1792 తర్వాత అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుడు థామస్ మన్రో అప్పట్లో బారామహల్ అనిపించుకున్న ఈ ప్రాంతపు పొలాలను చెక్కచెక్కగా లెక్కకట్టారు. ఊరిని ఆధారంగా పెట్టుకుంటే హద్దులు మారినా లెక్క చెడదన్న సంగతి ఆ కాలం రెవెన్యూ గుమాస్తాకూ తెలుసు.

కొలతల సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019–21లో 6,36,699 ఇళ్లను చూసింది. షుగరును వేలి చుక్కతో, తిన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా కొలిచింది. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం పరగడుపున కొలిచి, గ్లూకోజు తాగించి మళ్లీ కొలిచింది. 1,13,043 మందిని పరీక్షించి దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో లెక్కకట్టింది. ఆసుపత్రి రికార్డులో ‘షుగరు’ అంటే రోగి మాత్రలు మింగుతున్నాడని అర్థం. ఈ మూడింటినీ ఒక నిలువు వరుసలో పెట్టి కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. దత్తాంశాలను కలిపే బృందాల సమయంలో ఎక్కువ భాగం ఇలాంటి నిర్వచనాలను సరిపోల్చడానికే పోతుంది.

గోప్యత, చట్టం

పేరు తీసేస్తే మనిషి దాక్కుంటాడని చాలాకాలం అనుకున్నారు. 1990ల చివర్లో లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని పేర్లు తీసేసిన ఆసుపత్రి డేటాను ఓటర్ల జాబితాతో కలిపి మసాచుసెట్స్ గవర్నరు రికార్డును బయటపెట్టింది. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ మూడూ ఉంటే అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని ఆమె లెక్క. మన దగ్గర పిన్‌కోడు పరిధి పెద్దది. జనవరి 1 పుట్టినరోజులు కూడా అనుకోకుండా కొంత ముసుగు వేస్తాయి. అయితే రెండు వందల గడపల ఊళ్లో అరుదైన జబ్బున్న ఒకే ఒక్క ముసలావిడను గుర్తించడానికి ఏ తేదీ అక్కర్లేదు. కులం, వృత్తి గడులు కూడా చేరితే ఇంకా సులువు. ఇంగ్లండులో కుటుంబ వైద్యుల రికార్డులన్నీ కలపాలనుకున్న ‘కేర్.డేటా’ పథకం జనానికి సరిగ్గా చెప్పకుండా మొదలై, నమ్మకం కోల్పోయి 2016లో మూతపడింది.

భారతదేశంలో 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. పరిశోధన, గణాంకాల కోసం వాడే డేటాకు అందులో మినహాయింపు ఉంది, షరతుతో: ఆ డేటాను బట్టి ఏ ఒక్క వ్యక్తి మీదా నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశిత ప్రమాణాలు పాటించాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు, సంస్థల నైతిక కమిటీల అనుమతి వీటికి అదనం. డేటాను అసలు కదిలించకుండా ప్రశ్ననే ఒక్కో ఆసుపత్రికి పంపి, జవాబులను మాత్రమే తెచ్చుకునే పద్ధతి ఇప్పుడు పెరుగుతోంది. మూడు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ రికార్డులను ఒక గదిలో పెట్టడానికి ఒప్పుకోవడం కంటే ఇదే జరిగే పని.

ఇప్పటి ఏర్పాట్లు

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. పద్నాలుగు అంకెల ‘ఆభా’ నంబరు ఉంటే రోగి అనుమతితో ఒక ఆసుపత్రి రికార్డు మరో ఆసుపత్రికి కనిపిస్తుంది. రికార్డులు ఎక్కడివక్కడే ఉంటాయి. కుప్పంలో చూపించుకున్న వేపనపల్లి రోగికి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. ఆ నంబరు ఐచ్ఛికం. ఒకే మనిషి రెండు ఫోన్ నంబర్లతో రెండు ఆభాలు తీసుకునే వీలున్నంత వరకు పేర్ల సరిపోలిక పని తప్పదు.

మరణాల వైపు మార్పు నెమ్మదిగా వస్తోంది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో జనన మరణాలకు జాతీయ స్థాయి డేటాబేస్ ఏర్పాటుకు చట్టబద్ధత వచ్చింది. కారణం రాసే భాగం ఇంకా వెనకబడే ఉంది: 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధృవీకరించినవి 22.5 శాతమే. కాగితం కాలంలో మరణ నివేదిక ఫారం రెండు ముక్కలుగా ఉండేది. పేరు, చిరునామా ఉన్న చట్టపరమైన భాగం స్థానిక రిజిస్ట్రారు దగ్గర ఉండిపోయేది. నివాస గ్రామం, వృత్తి, మరణ కారణం ఉన్న గణాంక భాగాన్ని చింపి పైకి పంపేవారు. పేరున్న ముక్కలో కారణం లేదు, కారణమున్న ముక్కలో పేరు లేదు. బెంగళూరు ఆసుపత్రిలో పోయిన హోసూరు మనిషిని తిరిగి తన జిల్లా లెక్కలోకి తేవాలంటే పాత ఏళ్లకు రిజిస్ట్రేషన్ నంబరును పట్టుకుని ఆ రెండు ముక్కలనూ మళ్లీ అతికించుకోవాలి. నివాసం గడిలో రోగి సొంత ఊరు కాక, ఆసుపత్రి పక్కన బంధువులు దిగిన గది చిరునామా రాసి ఉంటే ఆ దారి కూడా అక్కడితో ఆగిపోతుంది.